ఓడ ఎందుకు మునిగిందో చెప్పిన అయ్యవారు

సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడని మనిషి ఆయన. యాడికి అనే ఊరి దగ్గర ఒక బడిలో సైన్సు చెప్పేవారు. నేను అక్కడ కొత్తగా చేరిన తెలుగు పండితుణ్ణి. పిల్లలు ఏ జవాబు చెప్పినా, "సరేప్పా, అట్ల ఎందుకయింది?" అని ఇంకో ప్రశ్న వేయడం ఆయన అలవాటు.

బావులు ఎండిన ఏడు అది. టైటానిక్ ఓడ సంగతి చెబుతూ, ఇంటి నుంచి తెచ్చుకున్న తాగునీళ్లను రేకు పెట్టెలో పోశారు. పెట్టె లోపల ముందే పొట్టి రేకులు అడ్డం పెట్టి గదులు చేసి ఉంచారు. నేనూ వెనక బల్ల మీద కూర్చుని చూస్తున్నాను. అప్పుడే బడి తనిఖీకి ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చాడు.

"మంచుకొండ తగిలి మునిగింది. ఆ ఒక్క ముక్కకు ఇన్ని నీళ్లు పాడుచేయాలా?" అన్నాడు.

"తగిలింది నిజమే సార్. అయితే లోపలి గోడలు పైదాకా కట్టల్యా. ముందు గదులు నిండి ఓడ ముక్కు వంగింది. నీళ్లు గోడ దాటి పక్క గదిలోకి పోయినాయి. ఒకదాని ఎనక ఒకటి నిండి మునిగింది" అంటూ అయ్యవారు పెట్టెను వంచి చూపించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇన్‌స్పెక్టరు ముఖం మాడింది. నా వైపు తిరిగి, "ఏమండీ, ఇది నిజమేనా?" అని అడిగాడు.

ఆ సంగతి ఉన్న పుస్తకాన్ని అయ్యవారే నాకు ఇచ్చి చదివించి ఉన్నారు. కానీ నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. "నాకు తెలియదండీ" అన్నాను.

అయ్యవారు పిల్లలకు తప్పులు నేర్పుతున్నాడని ఇన్‌స్పెక్టరు పైకి రాసి, ఆయన్ని దూరంగా రాయదుర్గం అవతలికి బదిలీ చేయించాడు. బస్సు దగ్గర నేను తల వంచుకుని నిలబడితే, "నీది కొత్త కొలువు, నువ్వేం చేస్తావులేప్పా" అన్నారు.

ఆ ఏడే నా ఉద్యోగం ఖాయమైంది. ఆయనకు ఒక్క ఉత్తరమైనా రాయలేకపోయాను.