మూడు మగ్గాలు, ఒకే అంచు

నిన్న ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా మనవరాలు కంప్యూటర్ ముందు కూర్చుని తన జట్టువాళ్ళతో వాదనకు దిగింది. నలుగురూ కలిసి ఒకే ప్రోగ్రాం రాస్తున్నారట, ఎవరి తీరున వాళ్ళు రాస్తే ఒకరిది ఇంకొకరు సరిదిద్దలేరట, అందుకని ముందు అందరూ ఒక పద్ధతికి రావాలట. గుంటూరులో ఈ గదిలో కూర్చుని ఆ మాటలు వింటుంటే అరవైల తొలినాళ్ళ చీరాల, మా మూడిళ్ళ మగ్గాలు, నెల క్రితం పోయిన మా అక్క, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

అప్పుడు అక్కకు ఇరవై రెండు, నాకు పంతొమ్మిది. మా నాన్న, బాబాయి, మామయ్య షావుకారు షెడ్డులో నేత మానేసి, నేతగాళ్ళ సంఘంలో చేరి, ఎవరింట్లో వాళ్ళు మగ్గం వేసుకున్న కొత్త. సంఘంవాళ్ళు మొదటిసారి పన్నెండు చీరలు అడిగారు. అన్నిటికీ ఆకుల అంచు ఒకేలా ఉండాలి, తేడా వస్తే ఇక పని ఇచ్చేది లేదన్నారు. అంటే మళ్ళీ షెడ్డుకే. అక్క గళ్ళ కాగితం మీద ఆకు గీసి మూడిళ్ళకూ ఇచ్చింది. దాన్ని చూసుకుంటూ మగ్గం పైన అంచు బొమ్మను తేల్చే డాబీ పట్టీలకు చిన్న చెక్క మేకులు గుచ్చాలి. మేకు ఉన్నచోట పడుగు పోగులు పైకి లేచి ఆకు తేలుతుంది.

రెండో రోజు మూడిళ్ళవాళ్ళూ జానెడేసి నేసిన అంచు ముక్కలు తెచ్చి మా అరుగు మీద పక్కపక్కన పరిచారు. మా ఆకు నిటారుగా ఉంది. మామయ్యది తలకిందులు. బాబాయి ముక్కలో ఆకు ఉండాల్సిన చోట ఖాళీ, చుట్టూ అంతా నిండు.

"ఏం బావా, నీ ఆకు శీర్షాసనం వేసిందే!" అన్నాడు బాబాయి.

"నాది ఉందిగా. నీది మేక తినిపోయింది!" అన్నాడు మామయ్య.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మామయ్య కాగితాన్ని కింది వరస నుంచి చదివాడు. బాబాయి నేర్చుకున్నచోట నింపిన గడి అంటే మేకు పెట్టకూడదని. ఇరవై ఏళ్ళ అలవాటు, ఎవరూ దిగిరాలేదు. నాన్న కండువా దులిపి లేచాడు. పెద్దల ముందు నోరు విప్పని అక్క అప్పుడు మాట్లాడింది.

"ముగ్గురి పద్ధతీ మంచిదే బాబాయ్. కట్టుకునే ఆవిడకి మాత్రం మగ్గాలు మూడని తెలియకూడదు."

ముందుగా మా పద్ధతే వదిలింది. ఇకనుంచి తను పెన్సిలు మాని బాబాయిలా ఎర్రసిరాతో గళ్ళు నింపుతానంది, మామయ్యలా కింది వరస నుంచే మొదలుపెడతానంది. దాంతో బాబాయి మెత్తబడి, నింపిన గడికి మేకు పెట్టడానికి ఒప్పుకున్నాడు. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం: గీసినవాళ్ళు తమ కాగితం తాము చదవకూడదు, పక్కింటివాళ్ళు పైకి చదివి చెప్పాకే మేకులు గుచ్చాలి. అక్క గీసిన కొత్త కాగితాన్ని బాబాయి తడబడుతూ గడి గడీ చదివాడు. ఎక్కడా తప్పలేదు.

చీరలు అప్పగించే రోజు పన్నెండింటినీ వరసగా పరిచాం. సంఘం పెద్దాయన అంచుల వెంట రెండుసార్లు నడిచి, ఏవి ఎవరివని అడిగాడు. బాబాయి వంగి, తడిమి, తిప్పి చూసి, తన చీర తనే పోల్చుకోలేక పగలబడి నవ్వాడు. ఆ ఏడాదంతా మాకు పని దొరికింది. షెడ్డుకు ఎవరూ తిరిగి వెళ్ళలేదు.

ఆ వీధిలో ఇప్పుడు మగ్గాలు కొన్నే ఉన్నాయి. అంచు బొమ్మకు మేకుల బదులు చిల్లుల అట్టలు బయట కొట్టించి తెస్తారు. గీసిన కాగితం పట్టుకుని, చదివి చెప్పమని పక్కింటికి ఎవరూ వెళ్ళడం లేదు.