తిరగేసిన గోతాలు

బందరులో మాది గోతాల కొట్టు. నులక, మోకు, పురికొస, దబ్బనాలు కూడా అమ్మేవాళ్లం. అబద్ధం మాత్రం సరుకుతో పాటు ఊరికే ఇచ్చేవాళ్లం. మా బజారులో దాన్ని అబద్ధమనరు, మాటకారితనం అంటారు. అందులో నేను మా నాన్నను మించినవాణ్ణని పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా ఒకప్పుడు పొంగిపోయేవాణ్ణి.

బజారుకొక పద్ధతి ఉండేది. వాడేసిన గోతాన్ని నాలుగు రోజులు ఎండలో పడేసి, కర్రతో బాది, లోపలి వైపు బయటికి తిరగేసి, కొత్త గోతాల కట్టలో నడిమధ్య పెట్టి కట్టేవాళ్లం. పైన కొన్ని, కింద కొన్ని అసలైన కొత్తవి. బియ్యం పోసిన గోతమైతే పట్టుకోగలిగినవాడు లేడు. మిరపకాయలదైతే మరో రెండు రోజులు ఎండబెట్టేవాళ్లం. ముక్కు దగ్గర పెట్టుకుంటే మనకి తుమ్ము రాలేదా, సరుకు సిద్ధమైనట్టే.

అరవైల్లో సంగతి. పోలీసుల్లోకి కుక్కలు కొత్తగా వచ్చాయి. ఒక హెడ్ కానిస్టేబులుగారు తను తర్ఫీదు ఇస్తున్న ఆడ కుక్కను వెంటబెట్టుకుని మా కొట్టుకి వచ్చారు. అవనిగడ్డ అవతల ఒక పల్లె ఆయనది. కుక్కను 'అమ్మడూ' అని పిలిచేవారు. అది ఆయన మోకాలికి ఆనుకుని నిలబడింది.

"శెట్టిగారూ, కొత్త గోతాలు నాలుగు కావాలండి. మా వాడొకడు దొంగ వేషం కడతాడు. వాడి చేతికి ఇంత మందాన తొడుగు కుట్టించాలి. లోపల కొబ్బరి పీచు, పైన గోనె పొరలు. ఇది ఉరికి ఆ చేతినే పట్టుకోవాలి. పాతది కొరికి పీలికలు చేసేసింది."

"పళ్లు గట్టివేనన్నమాట. మా గోతాలు అంతకంటే గట్టివి లెండి. రేటూ కాస్త గట్టిదే."

"రేటు సంగతి తర్వాత. ఏ వాసనా ఉండకూడదండీ. దీని బతుకంతా ముక్కులోనే ఉంది."

"నిన్న విప్పిన కట్టండీ ఇది. పెళ్లికూతురికి పరిచినా వంక పెట్టదు."

ఆయన బేరంలో తక్కువ తినలేదు. రెండుసార్లు గుమ్మం దిగి వెళ్లిపోయినట్టే వెళ్లి వెనక్కొచ్చారు. చివరికి నేనే దిగివచ్చాను. దిగినంత మేరా కట్ట మధ్యలోంచి తీసిచ్చి పూడ్చుకున్నాను. నాలుగింట్లో మూడు తిరగేసినవి. మూడూ మిరపకాయలవే.

కుక్క మూతి పెట్టి చూసింది. వరసగా తుమ్మి, వెనక్కి జరిగి, ముందుకాలితో ముక్కు రుద్దుకుంది.

"మీ అమ్మడికి పడిశం పట్టినట్టుంది హెడ్డుగారూ. మిరియాల కషాయం పట్టండి" అన్నాను. కొట్టులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆయనా నవ్వారు. ఆ పూట కొట్టులో నిజం చెప్పింది కుక్క ఒక్కటే. దాని నోరు మూయించింది నేను.

పదిహేను రోజులకి ఆయన మళ్లీ వచ్చారు, ఈసారి ఒక్కరే. మొహం పీక్కుపోయి ఉంది. అప్పుడు కొట్టులో గుడివాడ రైసు మిల్లు గుమస్తా కూర్చుని, కొత్త పంటకి ఏడాది సరిపడా గోతాలకి బేరం మాట్లాడుతున్నాడు.

"పట్టుకోవడం మానేసిందండీ. చెయ్యి దాకా వచ్చి ఆగిపోతోంది. కళ్లు నీళ్లు కారుతున్నాయి. ఏమనుకోకండి, ఆ గోతాల్లో గానీ ఏమన్నా..."

"ఎంత మాటన్నారండీ! మా కొట్టులో పాత గోతం కలిసిందని ఎవరినైనా ఒక్కర్ని అనమనండి" అన్నాను, గుమస్తాకి వినపడేలా.

ఆయన తల దించుకున్నారు. "అయితే లోపం దాందేనండీ. భయమేస్తోందేమో. సోమవారం బెజవాడ నుంచి పెద్దాఫీసరుగారు పరీక్షకి వస్తున్నారు. తప్పిందంటే దాన్ని తీసేస్తారు, నన్ను మళ్లీ స్టేషను డ్యూటీకి పంపేస్తారు. నిన్న దాన్ని కొట్టానండీ. ఎప్పుడూ చెయ్యి ఎత్తినవాణ్ణి కాదు. కొడుతుంటే పక్కకైనా జరగలేదు, అట్లాగే కూర్చుంది."

నాలుగు కొత్త గోతాలు ఆయన చేతిలో పెట్టి, తొడుగు మార్చి కుట్టించమంటే సరిపోయేది. కానీ మార్చి ఇవ్వడమంటే ఒప్పుకోవడమే. గుమస్తా చెవులు నా వైపే ఉన్నాయి. అందుకని హెడ్డుగారికి కాఫీ తెప్పించాను. ఆయన తాగి, దణ్ణం పెట్టి వెళ్లారు.

సోమవారం పరేడ్ గ్రౌండుకి నేనూ వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను. దొంగ వేషం కట్టిన కానిస్టేబులు తొడుగు చెయ్యి ముందుకు చాపి కేకలు పెట్టాడు. హెడ్డుగారు గొలుసు వదిలారు. కుక్క రివ్వున ఉరికింది. పిరికిది కాదని ఆ పరుగే చెప్పింది. తొడుగు దగ్గరికి వచ్చేసరికి తల పక్కకి తిప్పేసుకుని, చుట్టు తిరిగి, వాడి రెండో చెయ్యి పట్టుకుంది. ఏ తొడుగూ లేని చెయ్యి.

"అమ్మడూ, వదులు!" అని హెడ్డుగారు అరిచారు. ఒక్క మాటకే వదిలింది. అప్పటికే ఖాకీ చొక్కా చెయ్యంతా ఎర్రబడింది. పెద్దాఫీసరు కుర్చీలోంచి లేవకుండానే "పనికిరాదు" అన్నారు. కుక్క మాత్రం చెప్పిన పని చేసినట్టే తోక ఊపుకుంటూ వెనక్కొచ్చింది.

దాన్ని తీసేశారు, ఆయన్ని స్టేషను డ్యూటీకి పంపేశారు. హెడ్డుగారు బతిమాలి అడిగి కుక్కను తన ఊరు తీసుకెళ్లారు. గుడివాడ మిల్లు బేరం నాకే వచ్చింది.

మూడు నెలలు ఓర్చుకున్నాను. పెరట్లో కూలీ గోతాలు బాదుతుంటే ఆ చప్పుడు వినలేక బజారులోకి పోయేవాణ్ణి. ఒక ఆదివారం చల్లపల్లి మీదుగా హెడ్డుగారి ఊరు వెళ్లే బస్సెక్కాను. హెడ్డుగారూ, భార్యా అప్పుడే చర్చి నుంచి వచ్చి ఉన్నారు. కుక్క గడ్డివామి పక్కన పడుకుని ఉంది.

"రండి శెట్టిగారూ. మీరు ఊరికే రారే! ఏం అమ్మడానికి వచ్చారు?" అన్నారు నవ్వుతూ.

నిలబడే చెప్పేశాను. మిరప గోతాలని తెలుసనీ, తెలిసే ఇచ్చాననీ.

ముందు మాట్లాడింది ఆవిడ, అదీ నాతో కాదు. "అయ్యో, నోరులేనిదాన్ని కొట్టారు కదండీ మీరు!" అంది భర్తతో.

ఆయన వెళ్లి కుక్క పక్కన కూర్చుని దాని తల మీద చెయ్యి వేశారు. "నాకు చెబితే ఏం లాభమండీ. కాగితం మీద రాసివ్వండి, తెలిసే ఇచ్చానని. పైవాళ్లకి అర్జీ పెట్టుకుంటాను."

అక్కడ నా నోరు దానంతటది పనిచేసింది. "పొరపాటున కలిశాయని రాస్తాను హెడ్డుగారూ."

"తెలిసే కదండీ ఇచ్చారు?"

"కొట్టు నడవాలి కదండీ. ఎట్లా రాసినా మీ పని జరుగుతుంది."

ఈసారి ఆయన బేరమాడలేదు. "మీ ఇష్టం" అని కాగితం, కలం తెచ్చిచ్చారు.

పని జరిగింది. ఆయన్ని మళ్లీ కుక్కల దగ్గరికి వేశారు. కొత్త కూనను ఇచ్చారు. అమ్మడిని మాత్రం తీసుకోలేదు. మనిషిని గాయపరిచిన కుక్క కదా అన్నారట.

ఆ తర్వాత కొన్నాళ్లకి, ఆ రోజు దొంగ వేషం కట్టిన కానిస్టేబులు గేదెకి పలుపు కొనడానికి మా కొట్టుకి వచ్చాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి ఉంది. మణికట్టు నుంచి మోచేతి దాకా కుట్ల గుర్తులు. నేను అటే చూస్తున్నానని గమనించి, తనే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆ కాగితం సంగతి మా హెడ్డుగారు చెప్పారండీ. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. మీరు మనసులో పెట్టుకోకండి శెట్టిగారూ" అన్నాడు.

నేను పలుపు చుట్ట చుడుతూ తల ఊపాను.