తెల్లరాయికి నాలుగు వేళ్లు కుడిపక్కన

నా పెనిమిటి, కీర్తిశేషుడు మాణెప్ప పరమపదించి నేటికి పదిహేడు దినాలు. జీపు కడుగుతానని పొద్దున బకెట్ పట్టుకుని పంపు దగ్గరికి పోయిన మనిషి, బకెట్ నిండకముందే గోడకు ఆనుకున్నాడు. "తుల్జా, జర కూసుంట" అన్నాడు. అదే ఆఖరి మాట. దవాఖానకు తీసుకుపోతుంటే తొవ్వలోనే ప్రాణం పోయింది. మేము తిరిగి ఇల్లు చేరేసరికి నేను వేసిపోయిన జొన్నరొట్టె పెనం మీదనే బొగ్గయి ఉంది. ఇప్పటికీ పంపు చప్పుడైతే ఆయనే అనుకుని తల తిప్పుతాను.

నాకు సంతకం తప్ప చదువు లేదు. ఆయన జీపెక్కే పట్నం సార్లు ఆయన గురించి పుస్తకంలో వేస్తామంటే నేను చెబుతున్నాను, మా బిడ్డ రేణుక రాస్తున్నది. కీర్తిశేషుడంటే ఏమిటే అని అడిగాను. మనిషి పోయి మంచిపేరు మిగిలినవాడట. ఆ పేరు మిగలాలనే ఈ నాలుగు మాటలు.

నారాయణఖేడ్ నుంచి నాగల్‌గిద్ద పోయే దారిలో, కందిచేలు దాటాక వచ్చే గడ్డిబీళ్లలో ఆయన జీపు నడిపేవాడు. జింకలను, పిట్టలను ఫొటో తీసే సార్లను తిప్పడమే ఆయన వృత్తి. పైకప్పు తీసేసిన ఆ జీపును సార్లు సఫారీ అనేవారు. మా వాడలో సఫారీ అంటే పెండ్లికొడుకు కుట్టించుకునే బట్టలే. మా మరిది ఊరుకునేవాడు కాదు.

"ఏందన్నా, సఫారీ సఫారీ అంటవు, ఒంటి మీద సినిగిన బనీనే ఉన్నది. నీ సఫారీ యాడ వాయె?"

"పెండ్లినాటి సఫారీ పొట్టకు పడ్తలేదురా. గందుకే జీపుకు తొడిగిన" అనేవాడు.

ఆయన చూపు వేరు. సార్ల దగ్గర పెద్ద పెద్ద దుర్భిణీలు ఉండేవి. అయినా ఆయన వేళ్లు చెప్పిన తర్వాతే వాళ్లకు పిట్ట కనబడేది. జీపు ఆపి, చెయ్యి నిండా చాపి, ఒక కన్ను మూసి, వేళ్లను అడ్డం పెట్టి కొలిచేవాడు. "గా తుమ్మచెట్టు సూడు సారూ. దానికెల్లి రెండేళ్లు ఎడమకు. ఆడ కూసున్నది." వేలు ఎత్తి ఎందుకు చూపవని ఒకసారి అడిగాను. "ఏలెత్తితే దానికి భయమైతది తుల్జా. మనల్ని ఎవరన్న ఏలెత్తి సూపిస్తే మనకు మంచిగనిపిస్తదా?" అన్నాడు.

ఆయనకు ఒకటే పట్టుదల ఉండేది. చలికాలంలో ఎక్కడి మంచు దేశాల నుంచో వచ్చి, నేల మీద గడ్డిలోనే కూర్చునే గూబ ఒకటి ఉందట. సార్లు దాన్ని పొట్టి చెవుల గుడ్లగూబ అంటారు. ఈయన గడ్డిగూబ అనేవాడు. పసుపు కండ్లు, ఒళ్లంతా ఎండుగడ్డి రంగు. దాన్ని మా బీట్లో చూశానని ఎన్ని చలికాలాలు చెప్పాడో. పిట్టల పేర్లు పుస్తకంలోకి ఎక్కించే పెద్దసారు ఒకసారి జీపులో అందరి ముందూ నవ్వాడట. "నువ్వు చూసింది కౌజుపిట్ట అయివుంటుంది మాణెప్పా. ఫొటో ఉందా? లేకపోతే లేనట్టే."

ఆ పూట ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు. "నా కండ్లు అబద్ధమాడ్తయానే?" అని నన్ను అడిగాడు.

తర్వాత వేరొక సారు తన పాత కెమెరా ఇచ్చిపోయాడు. దానితో మొదట జీపు టైరు తీశాడు, మేక చెవులు తీశాడు, రొట్టెలు కొడుతుంటే నా మోచెయ్యి తీశాడు. పోవడానికి తొమ్మిది దినాల ముందు, సార్లెవరూ లేని ఒక పొద్దున ఒక్కడే బీటికి పోయి, ఎండెక్కే వేళకు ఉరికినట్టు వచ్చాడు. నేను గడపకు పసుపు రాసి అప్పుడే లేచాను. మంగళవారం.

"దొరికిందే! గడ్డిగూబ! గిటు రా."

"గూబనా? గడప దాటనియ్యకు దాన్ని!"

"ఓ పిచ్చిదానా, బొమ్మనే."

"బొమ్మైతేంది, మొకం మొకమే గదా. మంగళారం పూట నాకు సూపకు."

కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. ఆయన చెప్పులతో గడప అవతలే నిలబడి చెబుతూనే ఉన్నాడు. "ఇగో, గీ తెల్లరాయి. దానికెల్లి నాలుగేళ్లు కుడికి. ఒక్కపారి కండ్లు తెరువు."

"నేను సూడ."

నవ్వాడు. "సరే తీ, బేస్తవారం సూద్దువు."

గురువారం కందులు ఎండబోసే పని. ఆ తర్వాత నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పెద్దసారు వచ్చినప్పుడు ఆయన చేతికే ఇస్తానని కెమెరాను బట్టలో చుట్టి పెట్టుకున్నాడు. మూడో కంటికి చూపలేదు.

గూబ మొకం చూసే పోయిండని వాడలో అంటున్నారు. చూసినవాడు పోయాడు, చూడని నేను మిగిలాను. వాళ్లు చెప్పేదే నిజమైతే ఆనాడు నేను కూడా చూడవలసింది.

పదకొండో దినాన పెద్దసారు వచ్చాడు. బట్ట విప్పి కెమెరా చేతికిచ్చాను. ఫొటోను కంప్యూటర్లో పెట్టి పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. తెల్లరాయి ఉంది. చుట్టూ ఎండుగడ్డి.

"ఎక్కడుందని చెప్పాడమ్మా?"

"నాలుగేళ్లు కుడికి."

ఆయన వేళ్లు పెట్టాడు. రేణుక పెట్టింది. నేను పెట్టాను. ముగ్గురి వేళ్లు మూడు చోట్ల ఆగాయి. మూడు చోట్లా గడ్డే. "ఉండవచ్చునమ్మా. కానీ ఉందని నేను రాయలేను" అన్నాడు. ఈసారి నవ్వలేదు. ఆయన కండ్లలో నీళ్లు తిరిగాయి. కానీ రాయలేదు.

ఆ ఫొటోను చాపంత చేయించి పంపాడు. గోడకు పెట్టాను. రోజూ దాని ముందు నిలబడి చెయ్యి చాపి ఒక కన్ను మూస్తాను. దగ్గరికి పోతే నాలుగు వేళ్లూ రాయి మీదనే పడతాయి. వెనక్కి జరిగితే ఫొటో దాటిపోతాయి. ఎక్కడ నిలబడి కొలవాలో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

అయ్యా, ఆయన జీపు ఎక్కినవాళ్లారా, ఆయన చెయ్యి ఎట్లా చాపేవాడో మీరు చూశారు. ఒక్కసారి మా ఇంటికి వచ్చి ఆ ఫొటో ముందు నిలబడండి. మీకు కనబడితే నాకు చూపండి. మంగళవారమైనా సరే, కొంగు తీసే నిలబడతాను.