కుక్కగా మారిన ఏనుగు

2022. హోసూరు బస్టాండు వెనక వీధిలో నా డీటీపీ సెంటరు. డీటీపీ అంటే రాతప్రతిని కంప్యూటర్‌లో టైపు చేసి, పేజీలుగా తీర్చి, అచ్చుకు సిద్ధం చేయడం. పెళ్ళి పత్రికలు, ఫ్లెక్సులు ఎక్కువగా తమిళంలో వస్తాయి. నాకు అన్నం పెట్టేవి అవే. తెలుగు పుస్తకాలు ఏడాదికి నాలుగైదు వస్తాయి. నాకు తలనొప్పి పెట్టేవి అవి. అయినా వాటిని వదులుకోను.

మా వైపు ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదువుతాం. అందుకని ఇక్కడ తెలుగులో రాసేవాళ్ళకు ఒక వింత సుఖం ఉంది. ఎవరి గురించి రాస్తారో, ఆ మనుషులకు చాలాసార్లు తెలుగు అక్షరాలు రావు. సొంత మేనమామను ఉతికి ఆరేసిన కథల పుస్తకాన్ని ఆ మేనమామ చేతికే ఇచ్చి, కాళ్ళకు దండం పెట్టి ఆశీర్వాదం తీసుకున్న రచయిత నాకు తెలుసు. ఆయన పేరు అడగొద్దు, మళ్ళీ పుస్తకం తెస్తాడు.

మునిరత్నం సారు దగ్గర్లోని బేరిగై ఊళ్ళో ఉంటారు. తెలుగు మాస్టరుగా రిటైరయ్యారు. భార్య పోయాక ఒంటరివారు. పక్కింట్లోనే అక్క నాగమ్మ, బావ వెంకటప్ప. రెండు పూటలా సారు భోజనం అక్కడే. తన మొదటి కథల పుస్తకం రాతప్రతిని నా బల్ల మీద పెట్టి, వేలు చూపించి మరీ చెప్పారు:

"సరళమ్మా, ఇందులో ఒక్కక్షరం కూడా మార్చొద్దు. రాసేవానికి స్వేచ్ఛే ప్రాణం."

ముందుమాట నాలుగు పేజీలూ దాని గురించే. 'కలానికి కళ్ళెం వేసే మొనగాడు పుట్టలేదు' అనే వాక్యాన్ని లావు అక్షరాల్లో పెట్టమన్నారు. పెట్టాను.

టైపు చేస్తూ ఒక కథ దగ్గర పని ఆపి హాయిగా నవ్వుకున్నాను. రాగి చేలో పడిన ఏనుగును ఒంటిచేత్తో తరిమేశానని ఊరంతా చెప్పుకు తిరిగే పెద్దమనిషి కథ అది. నిజానికి ఆ వేళ ఆయన నీళ్ళ ట్యాంకు ఎక్కి కూర్చున్నాడు. ఇత్తడి బిందెను గరిటెతో బాదుతూ ఏనుగుకు ఎదురెళ్ళింది ఆయన భార్య. ఆ పెద్దమనిషి ఎవరో బేరిగైలో ఎవరైనా చెప్పగలరు. ఎందుకంటే వెంకటప్ప గారు ఆ ఏనుగు సంగతి పెళ్ళిళ్ళలోనే కాదు, చావుల్లో కూడా చెబుతారు. అసలు సంగతి మాత్రం నాగమ్మ తమ్ముడి చెవిలో ఒక్కసారే చెప్పిందట.

తప్పులు దిద్దుకోవడానికి తీసి ఇచ్చే కాగితాలను ప్రూఫ్ అంటాం. మొదటి ప్రూఫ్ సారు చేతికి వెళ్ళిన వారంలోనే కృష్ణగిరిలోని సాహిత్య మిత్రులు ఒక మెలిక పెట్టారు. ఆవిష్కరణ సభలో ఆ ఏనుగు కథను సారే చదివి వినిపించాలట. బావ ముందు వరసలో కూర్చుంటాడు. ఆయనకు తెలుగు అక్షరాలు రావు గానీ చెవులు భేషుగ్గా పనిచేస్తాయి.

మర్నాడే ఫోను. "సరళమ్మా, ఆ ఏనుగను అడవిపంది చేసేయ్. అప్పుడు ఎవురూ గుర్తుపట్టరు."

కంప్యూటర్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ అని ఒకటుంది. ఒక మాట ఎక్కడెక్కడ ఉన్నా వెతికి, దాని బదులు మనం చెప్పిన మాట పెట్టేస్తుంది. నొక్కాను. 'అడవిపంది తొండం ఎత్తి ఘీంకరించింది' అని వచ్చింది. కూర్చుని తొండం కత్తిరించాను. రెండు రోజులకు పంది కూడా పెద్దదే అనిపించి నక్క చేయమన్నారు. ఆ తర్వాత, "నక్క యాల, కుక్క చాలు" అన్నారు. ట్యాంకు అరుగయింది. బిందె పోయింది. బిందె పోయాక భార్య ఎందుకని ఆమెనూ తీసేయించారు. చివరికి కుక్కను చూసి అరుగెక్కిన ఒక మనిషి కథ మిగిలింది. ముందుమాటలో మాత్రం మొనగాడు ఇంకా పుట్టలేదు.

"ఇంత భయం ఎందుకు సార్?" అని అడిగేశాను.

"కలానికి కళ్ళెం లేదమ్మా. కంచం బావింట్లో ఉండాది," అన్నారు పాపం.

నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఆ కథ చచ్చిపోతోందని ఇద్దరికీ తెలుసు.

అంతలో ఒకరోజు వెంకటప్ప గారే షాపుకు దిగారు. మీసం దువ్వుకుంటూ స్టూలు మీద కూర్చున్నారు.

"బామ్మర్ది నా మీద కత రాసినాడంట కదా. చదువమ్మా, విందాం."

"రాసినవాళ్ళు చెప్పకుండా ప్రూఫు ఇంకొకరికి చదివి వినిపించకూడదప్పా. అది మా పనిలో కట్టుబాటు."

"సరేలే. ఏనుగ ఉండాది కదా?"

"పుస్తకం వస్తుంది కదప్పా, అప్పుడు విందురు," అన్నాను.

ఆయన వచ్చిన పని వేరే ఉంది. మా వైపు పిల్లకు చెవులు కుట్టినా ఫ్లెక్సు కట్టాల్సిందే. పుస్తకం వస్తుంటే ఊరుకుంటారా? ఒక పక్క ఆయన ఫోటో, ఇంకో పక్క ఏనుగు, కింద తమిళంలో 'ఏనుగును తరిమిన వీరుడు, కథానాయకుడు'. బామ్మర్ది ఫోటో మూలన, స్టాంపు బిళ్ళంత. ఎవరి పని సంగతులూ ఇంకొకరికి చెప్పకూడదు కాబట్టి నోరు మూసుకుని డిజైన్ చేశాను. "ఏనుగను ఇంకా పెద్దది చేయమ్మా" అని పక్కన నిలబడి మూడుసార్లు పెంచించారు. పుస్తకంలో కుక్క, ఫ్లెక్సులో ఏనుగు. రెండూ నా కంప్యూటర్‌లోనే.

ఫ్లెక్సు బేరిగై బస్టాపులో లేచిన రోజే సారు పరుగున వచ్చారు. కంటి డాక్టరుకు చూపించుకోవాలని నాగమ్మ కూడా వెంట వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉన్న మనిషి.

"కొంప మునిగిందమ్మా," అన్నారు సారు. "ఏనుగను మళ్ళీ పెట్టేయ్. కానీ తరిమింది బావే అని మార్చు."

నాగమ్మ తలెత్తింది. "ఏమి రాసినావప్పా? ఏదీ, చదవమను."

సారు నేల చూపులు చూస్తూ తలూపారు. నేను కుక్క కథ చదివాను. ఆమె పూర్తిగా విన్నది.

"కుక్కనా?" అంది.

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నన్ను తీసేసినావు, పోనీ. నా పేరు పెట్టమని నేను అడిగినానా? దాన్ని కుక్కను యాల చేసినావు? నేను చూసినానప్పా. ఇంతింత కాళ్ళు, కన్ను మాత్రం చింతగింజంత. నా వైపే చూసింది. నాకు కాళ్ళూ చేతులూ వణికినాయి. కుక్కకు ఎవురైనా అట్ల వణుకుతారా?"

"బావ కోపం చేసుకుంటే అక్కా? రేపట్నించి నా భోజనం..."

"వండేది ఎవురప్పా?"

ఇన్నేళ్ళుగా తింటున్న మనిషికి అది ఆ పూటే తట్టినట్టుంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను, నాగమ్మ కూడా నవ్వింది.

రచయిత ఎన్ని మార్పులు చెప్పినా మొదటి ఫైలును నేను చెరపను. దాన్ని తెరిచాను. ఏనుగు, బిందె, ట్యాంకు, భార్య అన్నీ భద్రంగా ఉన్నాయి. సారు చింతగింజ కన్ను ఒక్కటి కలిపి, ఇక చాలన్నారు.

సభ హోసూరులోనే ఒక కల్యాణ మంటపంలో జరిగింది. సారు బావ వైపు చూడకుండా, కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకుని చదివారు. ట్యాంకు ఎక్కే చోటికి వచ్చేసరికి హాలంతా నవ్వు. అందరి తలలూ వెంకటప్ప గారి వైపు తిరిగాయి. ఆయన లేచి, పంచె సర్దుకుని, మైకు లాక్కున్నారు.

"ట్యాంకు మీద ఉండింది నిజమే," అన్నారు. "పైన ఉండేవానికే కదప్పా ఏనుగ ఎటు పోతాదో కనపడేది? దారి చెప్పింది నేను. బిందె కొట్టింది ఆమె. ఇద్దరమూ తోలినాము."

చప్పట్లు మోగాయి. అన్నేళ్ళ తర్వాత నాగమ్మకు ఆ ఏనుగులో సగం వాటా దక్కింది. బావ కొన్నాళ్ళు బామ్మర్దితో మాట్లాడలేదట. భోజనానికి మాత్రం పక్కపక్కనే కూర్చునేవారట.

ఆ తర్వాత కూడా స్వేచ్ఛ మీద ముందుమాటలు వస్తూనే ఉన్నాయి. అడిగినవి లావు అక్షరాల్లో పెడతాను. కానీ ఇప్పుడు రచయితలను ఒక మాట అడుగుతాను: "ఇది మీ ఇంట్లో ఎవరికి చదివి వినిపించారు?" చాలామంది మాట మారుస్తారు. లోకానికి జడవని మనుషులు ఒక వంటింటికి ఎంత జడుస్తారో నాకు సారు వల్ల తెలిసింది. ఆ వంటింట్లోనే తమ కథ నిజంగా కావాలనుకునే మనిషి ఉండవచ్చని నాగమ్మ వల్ల తెలిసింది.

ఆ రోజు సభ అయ్యాక ఆమె పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "ఏనుగ యాడుండాదమ్మా?" అని అడిగింది. పేజీ తీసి ఆ మాట చూపించాను. దాని మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"ఇంత చిన్నగా ఉండాదే," అంది. మళ్ళీ తనే, "పోనీలే. ఏనుగే కదా," అని పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది.