బండి ఏడ నడుస్తది?

మా కారు బాగుచేసే ఎల్‌బీ నగర్ ఉస్తాద్ రెండు వారాల కిందట మంగళవారం పొద్దున పోయాడు. ఫోన్ మీద ‘ఉస్తాద్ షెడ్డు’ అని పేరు పడింది. రెండుసార్లు మోగినా ఎత్తలేదు. ఏడాదిగా ఆయనకు మొహం చూపించలేక తప్పించుకు తిరుగుతున్నవాణ్ణి, ఏమని ఎత్తను? మూడోసారి ఎత్తితే అవతల ఆయన భార్య. “షట్టర్ సగం లేపి గాడనే కూలబడ్డడు సారూ. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది” అంది. మొదటిసారే ఎత్తినా ఒరిగేదేమీ లేదని తెలుసు. అయినా ఆ రెండు మోతలూ నన్ను వదలడం లేదు.

నాది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతాను. ఉస్తాద్ ఇక్కడి పాత ఊరివాడు. ఆయన తాతల పొలాల మీదే ఇప్పుడు మాబోటివాళ్ల అపార్ట్‌మెంట్లున్నాయి. ఆ మాట ఆయన ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. ఎవరైనా మధ్యలో మాట్లాడితే కసిరేవాడు. విన్నాక మాత్రం ఎవరికైనా ఒకటే ప్రశ్న: “బండి ఏడ నడుస్తది? గది చెప్పు, ఏం చెయ్యాల్నో నేను చెప్తా.”

నాకున్న ఒకే ఒక్క పిచ్చి ఆ పాత కారు. దానికి ఊపు తెప్పించాలని నా కోరిక. దారులు రెండున్నాయి, సూపర్‌చార్జర్, టర్బో. రెండూ ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా కుక్కేవే. సూపర్‌చార్జర్ బెల్టు కట్టుకుని ఇంజన్‌తోపాటే తిరుగుతుంది, కాలు వేయగానే అందుకుంటుంది, కాకపోతే ఇంజన్ బలంలో కొంత తనే తింటుంది. టర్బో ఊరికే పోయే పొగతో తిరుగుతుంది, కానీ ఆ పొగ జోరందుకునేదాకా లేవదు. బోర్డు మీద లెక్క వేసినట్టు నేను టర్బోని వెనకేసుకొచ్చేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. “లెక్క మంచిగనే ఉంది సారూ. గని దిల్‌సుఖ్‌నగర్‌ల సిగ్నల్‌కో సిగ్నల్. టర్బో లేసేలోపు మళ్ల ఎర్ర లైటు. విజయవాడ రోడ్డు మీద నడిచే బండికైతే టర్బో. ఈడ నడిచే బండికి సూపర్‌చార్జరే.” ఆరు నెలలు టీలు తాగుతూ ఇదే వాదన. చివరికి ఆయనే గెలిచాడు.

అప్పుడే ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వేడెక్కింది. సెంటర్ సగం రోజులు మూత. స్టాఫ్‌రూమ్‌లో ఎవరు ఫ్లాట్ అమ్ముతున్నారన్నదే కబురు. మా ఆవిడ “ముందే బెజవాడలో చూసుకుందామండీ, తరిమాక పోవడం కంటే నయం కదా” అంది. నాకూ భయం పట్టుకుంది. షెడ్డుకి వెళ్లి, టర్బోనే పెట్టమన్నాను.

బెంచీ మీద, కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టిన సూపర్‌చార్జర్ ఉంది. నా కారు కోసం తుక్కు కొట్లన్నీ గాలించి తెచ్చాడు. దాన్నీ నన్నూ చూశాడు. “బండి ఏడ నడుస్తది సారూ?” అన్నాడు. “నాన్నగారికి ఒంట్లో బాగోలేదు ఉస్తాద్, నెలకి రెండుసార్లు ఊరికి వెళ్లి రావాలి” అన్నాను. నాన్న మిరపచేలో గుండ్రాయిలా ఉన్నాడు. ఉస్తాద్ చేతులు తుడుచుకుని, “మేం రాష్ట్రం అడుగుతున్నం. మిమ్మల్ని పొమ్మంటలేం” అన్నాడు. “అబ్బే, అదేం లేదండీ” అన్నాను. ఆయన సూపర్‌చార్జర్ మీద గుడ్డ కప్పాడు. ఆ రోజు టీ చెప్పలేదు.

టర్బో మాత్రం తన ఇంటి బండికి పెట్టుకున్నట్టు పెట్టాడు. “జోరుగ నడిపి ఒచ్చినంక ఎంటనే చావి తిప్పి బంద్ చెయ్యొద్దు. రెండు నిమిషాలు ఊకె నడవనియ్యాలె, లేకుంటే లోపల నూనె మాడుతది” అన్నాడు. ఎత్తిపొడుపేమోనని మొహం చూశాను. ఆయన బోల్టులే చూసుకుంటున్నాడు.

మేం ఎక్కడికీ పోలేదు. బెజవాడలో ఇల్లు కుదరలేదు, ఇక్కడ మమ్మల్ని తరిమినవాడూ లేడు. కారు కొత్తపేట సిగ్నల్ దగ్గర, మెట్రో కోసం తవ్విన గుంతల మధ్య, ఏనాడూ టర్బో లేవకుండా ఈడ్చుకుంటూ తిరిగింది. ఆయన మాటే నిజమైంది. ఆ సంగతి వెళ్లి చెబితే చాలు, నవ్వేసేవాడు. నేను వేరే షెడ్డు చూసుకున్నాను.

ఆఖరిసారి చూసింది నిరుడు, వంటావార్పు రోజున. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఉద్యమకారులు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. ఆ గుంపు ముందు నా కారు ఆగిపోయింది. గరిటె పట్టుకున్న ఉస్తాద్ నన్ను గుర్తుపట్టాడు. పళ్లెంలో అన్నం, పప్పు పెట్టుకుని కారు వైపు నడిచొచ్చాడు. “సారూ, తిని పోండ్రి!” అని కేకేశాడు. నేను అద్దం ఎత్తి, వెనక సందులోకి తిప్పుకుని వచ్చేశాను. భయం కాదు, సిగ్గు. కానీ ఆయనకు ఏమనిపించి ఉంటుంది? ఆంధ్రావాడు అన్నం కూడా వద్దనుకున్నాడనేగా? అది కాదని చెప్పాలని ఏడాది పాటు రేపు రేపు అనుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి ఎవరున్నారు? ఆయన అడిగిన రాష్ట్రమూ ఇంకా రాలేదు. దాన్నీ చూడకుండానే పోయాడు.

దినానికి వెళ్లి బయల్దేరుతుంటే ఆయన భార్య గుడ్డలో చుట్టిన బరువైన మూట నా చేతిలో పెట్టింది. “ఇది మీదంట సారూ. ఎవలడిగినా ఇయ్యలే. ‘సార్ యాడికీ పోడు, బండి తెస్తడు, మార్చి పెడ్తా’ అనేటోడు.”

మూట పక్క సీట్లో పెట్టుకుని ఇంటికొచ్చాను. గేటు ముందు కారు ఆపి, ఆయన చెప్పినట్టు ఇంజన్‌ని నడవనిచ్చాను. గుడ్డ విప్పి, సూపర్‌చార్జర్ చక్రాన్ని వేలితో తిప్పాను. తిప్పీ తిప్పగానే అరచేతికి గాలి తగిలింది. నూనె పెట్టి ఉంచాడు. రెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. చావి మీద చెయ్యి అలాగే ఉంది, తిప్పలేదు.