తల్లి చేపకు మెత్తటి కర్ర

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, వానలు ఇంకా దిగని జూన్ మొదట్లో, జగదల్‌పూర్ ఆఫీసు నన్ను తోంగ్‌పాల్ దగ్గర నది ఒడ్డున వేసిన క్యాంపుకు పంపింది. నేను ఫిషరీస్ ఇన్‌స్పెక్టర్‌ని. గుడ్లతో ఉన్న తల్లి మహాశీర్ చేపను ప్రాణంతో పట్టి, ఒడ్డునే గుడ్లు పిండి తీసి, మళ్లీ నదిలో వదలాలి. ఆ గుడ్లను ఫలదీకరించడానికి మగ చేపలు అప్పటికే తొట్టిలో ఉన్నాయి.

బండల మధ్య వల చిరుగుతుంది. చిరగకపోయినా, పొలుసు ఊడిన చేప బూజు పట్టి చస్తుంది. అందుకే ఈకలతో కట్టిన ఉత్తుత్తి పురుగును నీటిమీదికి విసిరే ఫ్లై గాలం వాడేవాళ్లం. మా దగ్గర రెండు గాలపు కర్రలుండేవి. ఒకటి బిరుసుది; కొన మాత్రమే వంగుతుంది, చేపను త్వరగా లాగేస్తుంది. ఆ వారంలోనే దానితో ఒక చేప పెదవి చీలింది, ఇంకోదానికి దారం తెగింది. రెండోది మెత్తటిది. పిడి దాకా వంగి చేప గుంజుడును తనే భరిస్తుంది. కాని చేప లొంగేసరికి చాలాసేపు పడుతుంది. ఆలోగా అలసి చచ్చిపోనూవచ్చు.

మా అసిస్టెంట్ డైరెక్టర్ మేడం ఫోన్‌లో బిరుసుదే వాడమన్నారు. ఎగువన మబ్బు కమ్ముతోంది. నీరు బురదైతే ఆ సంవత్సరానికి పని ముగిసినట్టే. బాధ్యత నాదేనని చెప్పి మెత్తటి కర్ర తీసుకున్నాను.

మర్నాడు ఉదయం చేప తగిలింది. వెంట ఉన్న జాలరి ముత్తయ్యది తెలుగు నేల సరిహద్దులోని కిష్టారం. ఆ క్యాంపులో నాతో తెలుగు మాట్లాడేది అతనొక్కడే.

"ఏందమ్మా, ఇట్ల వంగుతాంది! ఇరిగిపోదా?"

"విరగదు ముత్తయ్యా. నువ్వు నీళ్లలోకి దిగు."

వాలుకు పరుగెత్తే చేపను ఆపే బలం ఆ కర్రకు లేదు. దాని వెంబడే రాళ్లమీద నడిచాను. చివరికి చేప మడుగులోకి తిరిగింది. ముత్తయ్య గుడ్డ జోలెతో అందుకున్నాడు. పెదవి చెక్కుచెదరలేదు. కాని చేప పక్కకు ఒరిగిపోయింది, మొప్పలు ఆగి ఆగి కదులుతున్నాయి.

ఫోన్ మోగింది. చేప ఒరిగిపోయిందని చెప్పాను. వెంటనే గుడ్లు తీయండి, చచ్చినా గుడ్లయినా దక్కుతాయన్నారు మేడం. ఆ మాట తప్పు కాదు. అయితే ఆ స్థితిలో పొట్ట నొక్కితే చేప బతకదు.

"ఏం జేద్దామమ్మా?"

"తల ఏటికి ఎదురుగా పట్టుకో. ఆగుదాం."

నేనూ దిగి తోక దగ్గర పట్టుకున్నాను. ఆగి తప్పు చేస్తున్నానేమోనని మొప్పలనే చూస్తున్నాను. చినుకులు మొదలయ్యాయి. ఉన్నట్టుండి నా చేతిలో తోక గట్టిగా కొట్టుకుంది.

"ఊపిరొచ్చిందమ్మా!" అని అరిచాడు ముత్తయ్య.

గొడుగు కింద గుడ్లు తీశాం. కొన్ని తెల్లబడి పాడయ్యాయి, మిగిలినవి పిల్లలయ్యాయి. తల్లి తన బలంతోనే మడుగులోకి వెళ్లిపోయింది.

మెత్తటి కర్ర చేప పెదవిని కాపాడుతుంది గాని ఊపిరిని కాపాడదు. ఆ తరువాత ఏ కర్ర చేపట్టినా, చేప తేరుకోవడానికి నెమ్మదైన నీరు దగ్గరలో ఉందో లేదో ముందు చూసుకునేదాన్ని. లేనిచోట గాలం వేయనివ్వలేదు.