మరిగే నీళ్ళపై ఎవరి అధికారం?

మా మేనత్త ప్రభుత్వాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. అక్కడ ఏ వార్డు మడత ఆ వార్డుదే. పిల్లల వార్డుకు వెళ్ళే దుప్పటి కొస బయటికి ఉంటుంది. చంకలో బిడ్డను ఎత్తుకున్న నర్సు ఒంటిచేత్తో లాగితే చాలు, విచ్చుకుంటుంది. ఆ మడత కనిపెట్టింది అత్తే.

ఈ ఏడు కేంద్రం ఒక చట్టం ముసాయిదా తెచ్చింది. దేశంలోని ఆసుపత్రుల బట్టలన్నీ ఒకే తీరుగా ఉతకాలి, ఒకే తీరుగా మడవాలి. ఆ ప్రమాణాలు అందుకోలేని లాండ్రీలను మూసి, పనిని కేంద్రం ఎంచుకున్న కాంట్రాక్టరుకు అప్పగించాలి. ఆసుపత్రులు రాష్ట్రాల పరిధిలోని విషయం. రాజధానిలో కూర్చున్నవారు మా దుప్పటి మడత నిర్ణయించడమేమిటని నాకు ఒళ్ళు మండింది. రాష్ట్రం అభ్యంతరాలు వినడానికి బహిరంగ విచారణ పెడితే, మాట్లాడమని అత్తను ఒప్పించాను. లాండ్రీ మూతపడితే ఈ వయసులో ఆమెకు మరో పని దొరకదు.

ముందురోజు సాయంత్రం వంటింట్లో పాఠం మొదలుపెట్టాను.

“‘మా ఆసుపత్రిని మా రాష్ట్రం చూసుకుంటుంది’ అని ఒక్క ముక్క చెప్పు అత్తా, చాలు.”

“చూసుకుంటోందా?”

“అది వేరే సంగతి.”

“నీకు వేరేనే తల్లీ. పోయిన చలికాలం బాయిలరు చెడిపోతే గోరువెచ్చటి నీళ్ళలో ఉతికించారు. పిల్లలకు ఒళ్ళంతా పొక్కులు లేచాయి.”

“ఆ మాట అక్కడ అన్నావంటే కొరివితో తల గోక్కున్నట్టే!”

“సరేలేవే లాయరమ్మా, ముందు తిను. చల్లారిపోతోంది.”

విచారణలో ముందువరుసలో లాండ్రీ సూపర్‌వైజరు కూర్చున్నాడు. చొక్కా ఎన్నడూ నలగదు కనుక అందరూ ఆయనను ఇస్త్రీ దొర అంటారు. అత్త లేచి, నేను నేర్పిన ముక్క సగం చెప్పి, ఆగిపోయింది.

“మడత మాకొదిలేయండయ్యా. ఏ వార్డుకు ఏది వీలో అక్కడివాళ్ళకే తెలుస్తుంది. నీళ్ళు మాత్రం మరగాలి. దానికి పైనుంచి ఒక గట్టిమాట ఉండాల్సిందే. మావాళ్ళు మంచివాళ్ళే, కానీ ఖర్చు తగ్గించమంటే ముందు ఆపేది మంటే.”

“ఇంతకీ నువ్వెవరి పక్షం అమ్మా?” అన్నారు అధ్యక్షులు.

“దుప్పటి కప్పుకునేవాళ్ళ పక్షం బాబూ. వాళ్ళు రాలేదు, జ్వరంగా ఉంది.”

హాలంతా నవ్వింది. ఇస్త్రీ దొర నవ్వలేదు.

తిరుగు బస్సులో నేను దెబ్బలాడాను.

“రేపు నిజంగానే మూసేస్తే?”

“ఏడుస్తానే. కిటికీ పక్కన మడతలు పెట్టే బల్ల నాది, ఎవరినీ ముట్టుకోనివ్వను. అది పోతే ఏడవనూ?”

ఆ తర్వాత కోపం నిలవలేదు. ఆమె భుజానికి తల ఆనించాను. నా వాదం మాత్రం విడవలేదు. మరిగే నీళ్ళకు దేశమంతటికీ ఒకే కనీస ప్రమాణం ఉండవచ్చు. లాండ్రీ తాళాలు లాక్కుని తన కాంట్రాక్టరుకు ఇచ్చే అధికారం కేంద్రానికి లేదు. రాష్ట్రం తప్పుచేస్తే నిలదీయడానికి ఓటర్లున్నారు, న్యాయస్థానాలున్నాయి. అయితే పొక్కులు లేచిన పిల్లవాడు వచ్చే ఎన్నికల దాకా ఆగగలడా?

ముసాయిదా పార్లమెంటు మరుసటి సమావేశాలకు వాయిదా పడింది, లాండ్రీ నడుస్తోంది. అత్తను మాత్రం బల్ల దగ్గరనుంచి తీసి బాయిలరు దగ్గర వేశారు. “మరిగే నీళ్ళు కావాలన్నావుగా, నువ్వే మరిగించుకో” అన్నాడట ఇస్త్రీ దొర.

ఇది కక్షసాధింపు, వెంటనే ఫిర్యాదు చేద్దామని ఎగిరాను. ఎర్రగా కమిలిన ఆమె చేతులకు మందు రాస్తూనే ఎగురుతున్నాను.

“మెల్లగా రాయవే, మంట!” అంది అత్త. “ఫిర్యాదు తర్వాత. బల్ల పోయిందని నాకూ కడుపు మండుతోంది. కానీ ఇవాళ ఆ నీళ్ళు ఎలా కుతకుతలాడాయనుకున్నావ్!”

రెండో చెయ్యి చాపింది.

“మళ్ళీ విచారణ ఎప్పుడు పెడతారో కనుక్కో. ఈసారి బల్ల సంగతి కూడా అడుగుతా.”